వాక్స్వాతంత్ర్యము – కనబడని ఉత్తర్వులు

(గత ఆదివారము సంఘ సాధారణ సభయందు చేయబడిన ప్రసంగ పాఠము)



నేటి సభలో ఏదైన సాహిత్య విషయమును గూర్చి మాటాడవలసినదిగా కార్యదర్శిగారు మొదట నన్ను కోరిరి. నేను వేరొక విషయమును తీసికొంటిని. అందులకు కారణము మీలో పెక్కుమందికి తెలిసినదే. గడచిన ఉగాది ఉత్సవమునందు మన పిల్లలు ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి చిత్రనళీయమునుండి కొన్ని పద్యములు రాగయుక్తముగా పాడిరి. మన యువకులు దానిని ఫోనులో చిత్రించి అంతర్జాలములో పెట్టిరి. హైదరాబాదులోను, అమెరికాలోను ఉన్న మన బిడ్డలు చూచి ఎంతయో సంతోషించి ఉత్తరములు వ్రాసిరి. పదునొకండవ దినమున ఆ దృశ్యము మాయమైనది. “మా నియమములకు విరుద్ధము” అను ఒక్క వాక్యము తప్ప మరేమియు లేదు. ఏ నియమము? ఏ పద్యము? ఫిర్యాదు చేసినవా రెవరు? లేక ఎవరును చేయకయే యంత్రము తనంతట తాను తీసివేసినదా? కార్యదర్శిగారు మూడు మారులు వ్రాసిరి. మూడు మారులును ఒకే అచ్చు సమాధానము వచ్చినది.

పోయినది గొప్ప వస్తువు కాదు. పిల్లలు మరల పాడుదురు, మనము మరల చిత్రింతుము. కాని ఆనాటినుండి నా మనస్సులో ఒక ప్రశ్న మెదలుచున్నది. మన మాటను ఎవరైన ఆపినప్పుడు, ఆపినవా రెవరో, ఏ చట్టము ననుసరించి ఆపిరో, ఏ కారణమున ఆపిరో తెలిసికొను హక్కు మనకున్నదా? వాక్స్వాతంత్ర్యమును గూర్చి సభలలో పెద్ద మాటలు చాల విందుము. నేను నేడు ఈ ఒక్క ప్రశ్ననే పట్టుకొందును.

ఈ ఊరికి ఇట్టి ప్రశ్న క్రొత్తది కాదు. ధర్మవరమువారు, కోలాచలము శ్రీనివాసరావుగారు, బళ్ళారి రాఘవగారు, ముగ్గురును న్యాయవాదులే. పగలు కోర్టులో వాదించి రాత్రి రంగస్థల మెక్కినవారు. వారి కాలమున నాటకములపై 1876వ సంవత్సరపు నాటకప్రదర్శనల చట్టమను కత్తి వ్రేలాడుచుండెడిది. ఒక నాటకము ప్రభుత్వముపై ద్వేషమును పుట్టించునని గాని, ఒకరి పరువునకు భంగకరమని గాని, చూచువారి నీతిని చెఱచునని గాని ప్రభుత్వమునకు తోచినచో దానిని నిషేధింపవచ్చును. పరాయి దొరతనము తన భద్రతకై చేసికొన్న చట్టమది. దానిని నేను పొగడబోవుట లేదు. అయినను అందొక ఏర్పాటు కలదు. నిషేధపు టుత్తర్వు ప్రతిని నాటకమాడబోవు వారికి అందజేయవచ్చును. లేదా చాటింపు వేయించి, వారికి తెలియదగిన చోట వ్రాసిన కాగితమునో, అచ్చు కాగితమునో అంటింపవచ్చును. గోడమీది ఆ కాగితమును చదివినవానికి తనకు శత్రువెవరో తెలియును. ప్లీడరును వెదకికొనుటకు దారి తెలియును. ఆ చట్టము 2018లో మన శాసన గ్రంథమునుండి తొలగిపోయినది.

రాయలసీమ బిడ్డ గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి సంగతియు ఇట్టిదే. 1908లో వారు విజయవాడనుండి స్వరాజ్య పత్రికను నడపుచు తిరునెల్వేలి కాల్పులపై వ్రాసిన వ్యాసమునకు 124-ఎ సెక్షను క్రింద రాజద్రోహ నేరము మోపబడినది. మూడేండ్లు కారాగారవాసము చేసిరి. శిక్ష క్రూరమైనది. కాని ఏ వ్యాసమునకు, ఏ సెక్షను క్రింద, ఏ కోర్టులో అన్నది లోకమునకు తెలిసినది. తెలిసినందువలననే ఆయన ఆంధ్రదేశమునకు ఆరాధ్యుడయ్యెను.

ఇక 1950వ సంవత్సరమునకు వత్తము. ఈ కథ మన జిల్లాకు సంబంధించినదని నేటివారిలో చాలమంది ఎరుగరు. రమేశ్ థాపర్ అను ఆయన బొంబాయినుండి క్రాస్ రోడ్స్ అను ఆంగ్ల వారపత్రికను వెలువరించుచుండెను. నెహ్రూ ప్రభుత్వపు విధానములను తీవ్రముగా విమర్శించు పత్రిక అది. 1950 మార్చి 1వ తేదీన మదరాసు ప్రభుత్వము, 1949 నాటి ప్రజాశాంతి పరిరక్షణ చట్టము ననుసరించి, ఆ పత్రిక మదరాసు రాష్ట్రములోనికి వచ్చుటను, అమ్ముటను, పంచుటను నిషేధించుచు ఉత్తర్వు చేసెను. ఆనాటికి మన బళ్ళారి జిల్లా మదరాసు రాష్ట్రములోనిదే. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు గదా ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకును, మిగిలినవి మైసూరునకును పోయినవి! కనుక క్రాస్ రోడ్స్ పై నిషేధము బళ్ళారికిని, హోసపేటకును, ఆదవానికిని సమానముగా వర్తించినది. ఈ ఊరి చదువరి ఆ పత్రికను తెప్పించుకొనుటకు వీలు లేకపోయెను.

ఇందు గమనింపదగిన దేమనగా, ఆ ఉత్తర్వు ఫోర్టు సెయింటు జార్జి గెజెట్టులో అచ్చయినది. అధికారము నిచ్చిన సెక్షను అందున్నది. ప్రజాభద్రత, ప్రజాశాంతి అను కారణము లందున్నవి. థాపరుగారు దానిని పట్టుకొని తిన్నగా సుప్రీముకోర్టునకు పోయిరి. రాజ్యాంగము అమలునకు వచ్చి నిండ నాలుగు నెలలైనది. మే 26వ తేదీన తీర్పు వచ్చినది. అధిక సంఖ్యాకులైన న్యాయమూర్తుల పక్షమున పతంజలి శాస్త్రిగారు వ్రాసిరి. మాటాడు స్వాతంత్ర్యములో ఆ మాటను పదిమందికి చేర్చు స్వాతంత్ర్యముకూడ ఇమిడియున్నదనియు, ప్రజాశాంతి అను విశాలమైన పదమును చూపి పత్రికను ఆపుటకు నాటి 19వ అధికరణము ఒప్పదనియు వారు నిర్ణయించిరి. ఫజలాలీగారు విభేదించిరి. నిషేధము కొట్టివేయబడినది. నేటికిని మన దేశములో వాక్స్వాతంత్ర్యమును గూర్చి వాదించు ప్రతి న్యాయవాదియు ఈ తీర్పునుండియే మొదలుపెట్టును. బళ్ళారి యువ న్యాయవాదులలో ఎందరికి ఇది తమ జిల్లాకు వర్తించిన ఉత్తర్వు అని తెలియునో!

ఆ తీర్పు ప్రభుత్వమునకు రుచింపలేదు. 1951 జూనులో రాజ్యాంగమునకు మొదటి సవరణ వచ్చి, ప్రజాశాంతి, విదేశములతో మైత్రి, నేరమునకు ప్రేరేపణ అను మూడు కారణములను 19వ అధికరణములో చేర్చినది. 1963లో దేశ సార్వభౌమత్వము, సమగ్రత అనునవి చేరినవి. మొదటి సవరణలోనే ‘సమంజసమైన’ అను విశేషణముకూడ చేరినది. ఆంక్షలు సమంజసమైనవిగా నుండవలెను. ఆ విశేషణము కోర్టుల చేతిలో నేటికిని పనిచేయుచున్నది. కాని సమంజసమో కాదో తేల్చుటకు మొదట ఆంక్ష కాగితముపై కనబడవలెను. 1950లో అది కనబడినది.

టెలివిజను, ఫోను, అంతర్జాలము వచ్చిన తరువాత పరిస్థితి రెండు పాయలుగా చీలినది. మొదటి పాయ పాత తీరుననే ఉన్నది: పోలీసులు కేసు పెట్టుదురు, కోర్టు వినును. సమాచార సాంకేతిక చట్టములో 66-ఎ అను సెక్షను 2009 అక్టోబరునుండి అమలులోనికి వచ్చినది. చికాకు, అసౌకర్యము కలిగించు సందేశమును పంపినవారికి సైతము మూడేండ్లవరకు జైలు అని దాని తాత్పర్యము. మన ఇండ్లలో కోడలికి అత్తగారు పంపు సందేశములలో సగము ఆ సెక్షను క్రిందికి వచ్చి యుండును! 2012 నవంబరులో మహారాష్ట్రలోని పాల్ఘరులో, ఒక నాయకుని మరణానంతరము నగరమెందుకు మూతపడవలెనని ఫేసుబుక్కులో ప్రశ్నించిన యువతిని, ఆ వ్యాఖ్యను మెచ్చుకొన్న ఆమె స్నేహితురాలిని పోలీసులు నిర్బంధించిరి. 2015 మార్చి 24వ తేదీన శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీముకోర్టు ఆ సెక్షనును సంపూర్ణముగా కొట్టివేసినది. తీర్పు వ్రాసినవారు రోహింటన్ నారిమన్ గారు. వారితో ఆ ధర్మాసనమున కూర్చున్నవారు కృష్ణాజిల్లావాసులైన జాస్తి చలమేశ్వరుగారు. చర్చించుట వేరు, ఒక పక్షమును బలపరచుట వేరు, హింసకు ప్రేరేపించుట వేరు; ఈ మూడవదానినే చట్టము తాకవచ్చునని ఆ తీర్పు సారాంశము. ఇంతయైనను కొట్టివేయబడిన ఆ సెక్షను క్రింద పలు రాష్ట్రములలో పోలీసులు కేసులు పెట్టుచునే యుండగా, ఇక ఎవరిని అట్లు విచారింపరాదని 2022 అక్టోబరులో సుప్రీముకోర్టు మరల ఆదేశింపవలసి వచ్చినది. చనిపోయిన చట్టమునకు ఏడేండ్ల ఆయుర్దాయము మన దేశములోనే సాధ్యము.

ఆంధ్రప్రదేశములోని వార్తాసంస్థల కష్టములను మీరు ప్రతిదినము చూచుచునే యున్నారు, మన ఇండ్లలో నడచునవి ఆ తెలుగు ఛానళ్ళే గనుక. 2021 మేలో అక్కడి సి.ఐ.డి. పోలీసులు టివి5, ఏబిఎన్ ఆంధ్రజ్యోతి ఛానళ్ళపై రాజద్రోహ నేరము మోపిరి. ఒక పార్లమెంటు సభ్యుడు చేసిన విమర్శలను ప్రసారము చేసిరన్నది అభియోగము. మే 31న సుప్రీముకోర్టు వారిపై కఠినచర్యలను నిలిపివేయుచు, పత్రికలకును ప్రసార సంస్థలకును సంబంధించినంతవరకు ఆ సెక్షను పరిధిని వ్యాఖ్యానింపవలసియున్నదని చెప్పినది. అప్పుడు అధికారములో నున్నది వై.యస్.ఆర్. కాంగ్రెసు. తరువాత ప్రభుత్వము మారినది. 2025 జూనులో, తెలుగుదేశము నాయకత్వమున నున్న ప్రభుత్వ కాలమున, సాక్షి టెలివిజనులో చర్చ నడపిన ఒక వృద్ధ పాత్రికేయుని, చర్చకు వచ్చిన అతిథి అన్న మాటలకు అరెస్టు చేసిరి. ఆ మాటలు నింద్యములే. అమరావతి స్త్రీలను గూర్చి ఎవరును అట్లు మాటాడరాదు. కాని అతిథి నోటిమాటకు చర్చ నడపినవానిని జైలులో నుంచుట ఎట్లని సుప్రీముకోర్టు ప్రశ్నించి జూన్ 13న విడుదలకు ఆజ్ఞాపించినది. మనలో కొందరు ఆ పక్షమువారు, కొందరు ఈ పక్షమువారు. 2021లో సంతోషించినవారు 2025లో బాధపడిరి. అప్పుడు బాధపడినవారు ఇప్పుడు సంతోషించిరి. నా మట్టుకు నాకు రెండు సందర్భములును ఒక్కటిగనే తోచినవి. సభలో గుసగుసలు వినవచ్చుచున్నవి. ఆ సంగతి కాఫీవేళ తేల్చుకొందము.

ఆ 124-ఎ సెక్షను, గాడిచర్లవారిని జైలుకు పంపిన సెక్షనే. 2022 మే 11న సుప్రీముకోర్టు దానిని తాత్కాలికముగా పక్కన పెట్టించినది. ఆ కేసులో అర్జీదారులలో ఒకరు మైసూరు నివాసియైన విశ్రాంత సైన్యాధికారి వోంబత్కెరె గారు. ప్రధాన న్యాయమూర్తిగా నున్నవారు తెలుగువారైన ఎన్.వి. రమణగారు. 2024 జులై 1నుండి భారతీయ న్యాయసంహిత వచ్చి పాత శిక్షాస్మృతి పోయినది. రాజద్రోహమను పేరును పోయినది. కాని 152వ సెక్షనులో దేశ సార్వభౌమత్వమునకు, సమైక్యతకు, సమగ్రతకు అపాయము కలిగించు మాటలకు యావజ్జీవ శిక్షవరకు విధించు అధికారము చేరినది. పేరు మార్చుకొన్న మనిషి అప్పులు తీరిపోవునా?

ఇక రెండవ పాయ. నేను ముఖ్యముగా చెప్పదలచినది దీనినే. సమాచార సాంకేతిక చట్టములోని 69-ఎ సెక్షను, 2009లో చేసిన నిబంధనలు కేంద్రప్రభుత్వమునకు అంతర్జాలములోని ఏ వ్రాతనైనను, దృశ్యమునైనను దేశములో కనబడకుండ చేయించు అధికారము నిచ్చినవి. ఉత్తర్వు ఆ వ్రాతను మోయుచున్న కంపెనీకి పోవును. వ్రాసినవానికి పోవలెనను నియమము ఆచరణలో నామమాత్రము. పైగా 16వ నిబంధన, వచ్చిన ఫిర్యాదులను, తీసికొన్న చర్యలను రహస్యముగా నుంచవలెనని శాసించుచున్నది. శ్రేయా సింఘాల్ తీర్పే ఈ 69-ఎ సెక్షనును నిలబెట్టినది. కారణములు వ్రాతపూర్వకముగా నుండును గనుక వానిని కోర్టులో ప్రశ్నింపవచ్చునని ఆ తీర్పులో చెప్పబడినది. మంచిదే. కాని కారణము వ్రాసిన కాగితము రహస్యపు పెట్టెలో నున్నచో దానిని ప్రశ్నించు టెట్లు? థాపరుగారికి గెజెట్టు దొరకినది. నేటి థాపరుకు దొరకునది బోసిపోయిన తెఱ.

ఈ ప్రశ్న మన రాష్ట్రపు హైకోర్టు ముందునకే వచ్చినది. 2021, 2022 సంవత్సరములలో కేంద్రము ఇచ్చిన కొన్ని ఉత్తర్వులను ట్విట్టరు కంపెనీ బెంగుళూరులో సవాలు చేసినది. వ్రాసినవారికి నోటీసు ఇవ్వలేదనునది వారి వాదములలో నొకటి. 2023 జూన్ 30న న్యాయమూర్తి కృష్ణ దీక్షిత్ గారు ఆ అర్జీని త్రోసిపుచ్చి కంపెనీకి 50 లక్షల రూపాయల ఖర్చులు విధించిరి. తరువాత ‘సహయోగ్’ అను మరియొక ఏర్పాటు వచ్చినది. ఇది 69-ఎ క్రిందిది కాదు. 79వ సెక్షనులోని ఒక ఉపవాక్యమును ఆధారముగా గొని, కేంద్ర రాష్ట్ర ప్రభుత్వముల పలు శాఖల అధికారులును పోలీసులును కంపెనీలకు తిన్నగా తాఖీదులు పంపుటకు ఏర్పడిన ద్వారము. 69-ఎ లో నున్న సంఘ విచారణ మొదలైన కొద్దిపాటి రక్షణలును ఇందు లేవు. పేరు మార్చుకొన్న ఆ కంపెనీయే దీనినికూడ ప్రశ్నించినది. 2025 సెప్టెంబరు 24న న్యాయమూర్తి నాగప్రసన్నగారు ఆ అర్జీనికూడ త్రోసిపుచ్చిరి. విదేశీ కంపెనీ మన పౌరుల హక్కును తన హక్కుగా చెప్పుకొనజాలదను మాట ఆ తీర్పులో నున్నది. న్యాయదృష్టితో ఆ మాటకు బలము లేకపోలేదు. వేల కోట్ల వ్యాపారమున్న కంపెనీ మన పద్యములకొఱకు పోరాడునని నేనును నమ్మను. మన ఉగాది దృశ్యమును తీసివేసినది ఒక కంపెనీయే గదా! కాని పౌరుడు తన హక్కుకై తానే పోరాడవలెనన్నచో ఉత్తర్వు అతని చేతికి రావలెను. అది కంపెనీకి మాత్రమే వచ్చి, పౌరునికి రాక, కంపెనీకి వాదించు అధికారము లేక పోయినచో ఆ ఉత్తర్వును కోర్టులో ప్రశ్నించు మనిషి ఎవరు? ఈ చిక్కుముడి ఇంకను విప్పబడలేదు.

ప్రభుత్వము తనంతట తానే కొంత దిగివచ్చినదని న్యాయముగా చెప్పవలెను. 2025 నవంబరు 15నుండి అమలులోనికి వచ్చిన సవరణ ప్రకారము, 79వ సెక్షను క్రింద ఇట్టి తాఖీదులను సంయుక్త కార్యదర్శికి తగ్గని అధికారియు, పోలీసులలో డి.ఐ.జి.కి తగ్గని అధికారియు మాత్రమే పంపవలెను; చట్టాధారమును, కారణమును వివరింపవలెను; నెలకొకసారి పైఅధికారి పరిశీలింపవలెను. అయినను ఆ వివరణ కంపెనీకే గాని వ్రాసినవానికి గాదు. 69-ఎ నిబంధనలలోని రహస్యమును ప్రశ్నించు అర్జీ 2025 మార్చిలో సుప్రీముకోర్టు ముందునకు వచ్చినపుడు, వ్రాసిన మనిషి ఎవరో గుర్తింపదగియున్నచో అతనికి నోటీసు పోవలెనను అభిప్రాయము ధర్మాసనమునుండి ప్రాథమికముగా వినవచ్చినది.

ఉత్తర్వును ప్రకటించుట అసాధ్యమని ఎవరును అనరాదు. 2020 జనవరి 10న అనూరాధా భసీన్ కేసులో, అంతర్జాల సేవలను నిలుపు ఉత్తర్వులను ప్రభుత్వము ప్రచురింపవలెనని సుప్రీముకోర్టు ఆజ్ఞాపించినది. 2022 మేలో కోనసీమలో అల్లరులు జరిగి ఆ సేవలు నిలిచినపుడు, అక్కడ బంధువులున్న మన కుటుంబములు పడిన ఆరాటము మీకు జ్ఞాపక ముండును. ఒక జిల్లా మొత్తమును మూయు ఉత్తర్వును ప్రకటింపగలిగినపుడు, ఒక మనిషి వ్రాతను మూయు ఉత్తర్వును అతనికి చూపుటలో కష్టమేమి? ఐరోపా దేశముల సమాఖ్య 2022లో చేసి, 2024 ఫిబ్రవరినుండి పూర్తిగా అమలులో పెట్టిన డిజిటల్ సేవల చట్టమున 17వ అధికరణము ఈ పనినే చేయుచున్నది. ఒకని వ్రాతను కంపెనీ తొలగించినచో ఏ చట్టము, ఏ నియమము, ఏ సంగతుల ఆధారమున తొలగించినది, యంత్రము తొలగించినదా, ఎచ్చట మొఱపెట్టుకొనవలెను అనునవి అతనికి స్పష్టముగా తెలుపవలెను. అక్కడి మన తెలుగు బిడ్డ పద్యము పోయినచో కారణము తెలియును, ఇక్కడి బిడ్డ పద్యము పోయినచో “నియమములకు విరుద్ధము.”

ఈ మాట విని, ఆంక్షలే వలదని నేననుచున్నట్లు ఎవరును తలంపవలదు. 2018 జులైలో బీదరు జిల్లా ముర్కి గ్రామమున జరిగిన ఘోరమును మరువగలమా? హైదరాబాదునుండి వచ్చిన మిత్రులు కొందరు దారిలో పిల్లలకు మిఠాయి లిచ్చిరి. పిల్లల నెత్తుకొనిపోవు ముఠా యని వాట్సాపులో మాట ప్రాకినది. వారి కారును అడ్డగించిన గుంపు వారిలో ఒక యువ ఇంజనీరును కొట్టి చంపినది. అదియు మనవంటి సరిహద్దు జిల్లాయే. అక్కడను రెండు మూడు భాషలవారు కలసి మెలసి బ్రదుకుచున్నారు. ఆ నెలలోనే ఆ కంపెనీ మన దేశములో ఒక సందేశమును ఒకేసారి ఐదుగురికి మించి పంపరాదని కట్టడి చేసినది. న్యాయసంహితలో 196వ సెక్షను మతము, కులములతో పాటు ‘భాష’ అను మాటను పేర్కొని, భాషల వారి మధ్య వైరము రేపువారికి మూడేండ్లవరకు శిక్ష విధించుచున్నది. అల్పసంఖ్యాకులమైన మనకు అది కవచము. అదే మాట దుర్వినియోగమైనచో మనపైననే ఎత్తబడు కఱ్ఱయు కాగలదు. తెలుగులో వ్రాసిన ఒక చమత్కారమును, భాష తెలియని అధికారి ఒకడు తప్పుగా గ్రహించినచో? అందుచేతనే ఉత్తర్వులో ఏ వాక్యము తప్పో చూపవలెను. వాక్యమును చూపినచో మనము అర్థము చెప్పగలము.

2025 మార్చిలో సుప్రీముకోర్టు ఒక పార్లమెంటు సభ్యుని కవితకు సంబంధించిన కేసులో, మూడేండ్లనుండి ఏడేండ్ల శిక్షగల ఇట్టి నేరములందు పోలీసులు మొదట ప్రాథమిక విచారణ చేయుట మేలని చెప్పినది. ఆ ఏడు సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు సామాజిక మాధ్యమ వ్రాతలపై పెట్టిన కేసులను కొట్టివేయుచు, ఇకపై పోలీసులు పాటింపవలసిన పద్ధతులను విధించినది. ఇవి మంచి సూచనలు.

ఇప్పుడు మన సంఘపు పనికి వత్తము. వారపత్రిక అచ్చు ఖర్చు పెరిగినదనియు, ఇకమీద దానిని ఫోనులో మాత్రమే పంపవలెననియు ఒక ప్రతిపాదన కార్యవర్గము ముందున్నది. పైకము మిగులు మాట నిజమే. కాని అచ్చు కాగితమునకు ఒక చట్టమున్నది. 1867 నాటి చట్టము పోయి 2024 మార్చి 1నుండి పత్రికల నమోదు చట్టము వచ్చినది. జిల్లా మేజిస్ట్రేటు ముందు వాఙ్మూల మిచ్చు పాత పద్ధతి పోయి నమోదు సులభమైనది. దాని నమోదును రద్దు చేయవలెనన్నచో కారణము చూపి మన మాట వినవలెను. ఫోనులోని పత్రికను మూయుటకు ఒక మీట చాలును. కనుక ఫోనులోను పంపుదము, అచ్చును మానవలదు. చందా ఎంత పెంచవలెనో కోశాధికారిగారు లెక్క కట్టుదురు.

వాట్సాపు బృందమునకు నిర్వాహకులుగా నుండుటకు మన యువకులు భయపడుచున్నారు. ఒక సభ్యుడు పెట్టిన సందేశమునకు నిర్వాహకుడు బాధ్యుడు కాడని 2021లో బొంబాయి హైకోర్టు నాగపూరు పీఠమును, 2022లో కేరళ హైకోర్టును తీర్పు చెప్పినవి. అవి మన రాష్ట్రపు కోర్టులు కావు గాని, వాని తర్కము బలమైనది. అయినను వదంతిని చూచిన వెంటనే తీసివేయుడు. తీసివేసినపుడు పెట్టినవారికి కారణము చెప్పుడు. పరులను కోరునది మనమును ఆచరింపవలెను గదా. పోయిన నెలలో ఒక సభ్యుని వ్యాసమును మన పత్రికలోనే కారణము చెప్పకుండ ఆపితిమి. ఆ నిర్ణయములో నేనును ఉంటిని. ఆయన నేడు ఈ సభలో ఉన్నారు. ఆ వ్యాసములో ఒక కుటుంబపు ఆస్తి తగవును గూర్చిన రెండు వాక్యములు ఉండుటచేత ఆపితిమి. అవి తీసివేసినచో వచ్చువారము అచ్చు వేయుదుము.

పిల్లల పద్యముల సంగతి. ఆ కంపెనీ నియమించిన ఫిర్యాదుల అధికారికి నేను ఒక ఉత్తరము సిద్ధము చేసితిని. 2021 నిబంధనల ప్రకారము అట్టి అధికారి యుండవలెను. ఫిర్యాదు అందినట్లు ఇరువదినాలుగు గంటలలో తెలుపవలెను, నిర్ణీత గడువులోపల తీర్పవలెను. తృప్తి కలుగకున్నచో కేంద్రము నియమించిన అప్పీలు సంఘము కలదు. దానికి ముప్పది దినములలోపల పోవలెను. ఉత్తరములో మూడే ప్రశ్నలు వేసితిని: ఏ పద్యము, ఏ నియమము, తొలగించినవా రెవరు. అది తెలుగులోను, ఆంగ్లములోను ఉన్నది. సభ ముగిసిన తరువాత కార్యదర్శిగారి బల్లమీద నుంచెదను. పాడిన పిల్లల తలిదండ్రులు దయచేసి సంతకములు చేసి పొండు.